సూది వేస్తే తెల్లారికి జ్వరం దిగుతోంది, మరి మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: అక్కా, మాది తాడిపత్రి. మా బాబుకు 4 ఏళ్లు. అంగన్‌వాడీకి పోవడం మొదలైనప్పటి నుంచి నెలకో జలుబు, జ్వరం. పిల్లల డాక్టరు చూసి వైరల్ జ్వరమే, యాంటీబయాటిక్ అక్కర్లేదు, పారాసిటమాల్ చాలు అంటారు. 2 రోజులైనా తగ్గకపోతే మా అత్త ఊరుకోదు, మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తాం, తెల్లారేసరికి దిగుతుంది. పోయిన నెల ఆ సూది వేసిన చోటే గడ్డ కట్టి చీము పట్టింది, ఆసుపత్రిలో కోసి తీశారు. అప్పుడు రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువ, సీఆర్‌పీ ఎక్కువ అని వచ్చింది. ముక్కు నుంచి పచ్చగా కారుతూనే ఉంటుంది. వీడికి ఇమ్యూనిటీ తక్కువేమో అని టెన్షన్‌గా ఉంది. మంచి ఇమ్యూనిటీ పౌడర్ ఏదైనా చెప్పండి. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆయనకూ నెల నుంచి దగ్గు, అది దుమ్ము దగ్గేలే. బాబు సంగతి చెప్పండి చాలు.

జవాబు: ముందు పౌడర్ సంగతి తేల్చేస్తానమ్మా: కొనొద్దు. ఆ డబ్బుతో ఇంకో డజను గుడ్లు తెచ్చుకోండి. మీ ఉత్తరం మొత్తం చదివినా బాబుకు ఇమ్యూనిటీ తక్కువ అనడానికి నాకు ఒక్క ఆధారం దొరకలేదు, పైగా అది బాగానే పనిచేస్తోందని చెప్పే గుర్తులనే మీరు వరసపెట్టి రాశారు. జ్వరం, పచ్చ చీమిడి, చీము, పెరిగిన తెల్లకణాలు, ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ. ఇవన్నీ క్రిములు చేసే పనులని మనం అనుకుంటాం, చాలావరకు చేసేది మన ఒళ్లే. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ ఒక్క ముక్క పిల్లల తలకెక్కించడానికే నాకు ఎక్కువ క్లాసులు పట్టేవి, కాబట్టి మీకు తెలియకపోవడంలో వింతేమీ లేదు.

మన ఒంట్లో రక్షణ రెండు అంచెలుగా ఉంటుంది. ఒకసారి తట్టు వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా చూసేది, టీకా వేస్తే తయారయ్యేది రెండో అంచె. అది ఒక్కో క్రిమిని గుర్తుపెట్టుకుని దానికి తగ్గట్టు తయారవుతుంది, కానీ కొత్త క్రిమి వస్తే సిద్ధం కావడానికి దానికి వారం దాకా పడుతుంది. ఆ వారం రోజులు నెట్టుకొచ్చేది పుట్టుకతో వచ్చిన మొదటి అంచె. వచ్చింది ఫలానా క్రిమి అని దానికి అక్కర్లేదు, బయటిదా కాదా అని చూసుకుని నిమిషాల్లో, గంటల్లో పని మొదలుపెడుతుంది. మీరు అడిగినవన్నీ దాదాపు ఈ మొదటి అంచె పనులే.

దానిలో అన్నిటికంటే ముందుండేది చర్మం, ముక్కులో గొంతులో ఉండే జిగట, కడుపులో యాసిడ్, కన్నీళ్లు. చీమిడిని మనం ఛీ అంటాం గానీ, లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అదే చీమిడిని బ్యాక్టీరియా పెరిగిన పళ్లెంలో వేసి చూశాడు, చుట్టూ ఉన్న బ్యాక్టీరియా కరిగిపోయింది. 1922లో ఆయన ప్రకటించిన ఆ పదార్థం పేరు లైసోజైమ్, కన్నీళ్లలో, ఉమ్మిలో, తల్లిపాలలో కూడా ఉంటుంది. ఆయనకు పెన్సిలిన్ దొరికింది ఆ తర్వాత 6 ఏళ్లకు. లైసోజైమ్ అన్ని బ్యాక్టీరియాలనూ చంపలేదు, మనకు జబ్బు చేసే మొండి రకాలు చాలావరకు దాన్ని తట్టుకుంటాయి, కానీ రోజూ మన మీద వచ్చిపడే నానా రకాలను మన దాకా రాకుండా ఆపేది ఇట్లాంటివే.

ఇప్పుడు సూది సంగతి చూడండి. ఈ అడ్డుగోడలన్నీ దాటించి అది నేరుగా కండలోకి దారి ఇస్తుంది. చర్మం మీద స్టఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండడం మామూలే, అక్కడ ఉన్నంతసేపు దానివల్ల పెద్ద బాధ లేదు. సూది శుభ్రంగా లేకపోయినా, చర్మం సరిగ్గా తుడవకపోయినా అది లోపలికి పోతుంది. కండలో మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి, అవి దాన్ని తాకగానే కొన్ని రసాయనాలు వదులుతాయి, దాంతో అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు కాస్త వదులవుతాయి. అందుకే ఎర్రబడుతుంది, కాలుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే పిల్లోడు కెవ్వుమంటాడు. ఆ తర్వాత రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ వస్తాయి. తెల్లకణాల్లో పెద్దవాళ్లకు సగానికి పైగా ఉండేవి ఇవే. రక్తనాళం గోడకు అంటుకుంటూ దొర్లి, కణాల మధ్య సందులోంచి సన్నగా సాగి బయటికొచ్చి, దొరికిన బ్యాక్టీరియాను మింగి, లోపలే దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు పోసి చంపుతాయి. ఆ పనిలో అవీ చస్తాయి. మన ఎముకల్లోని మూలుగు రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను కొత్తగా తయారుచేస్తూ ఉంటుంది, అంత ఖర్చు ఉంది ఈ పనికి. ఆసుపత్రిలో కోసినప్పుడు మీరు చూసిన చీము అంటే ఎక్కువ భాగం ఈ చచ్చిన న్యూట్రోఫిల్సే, కాస్త చచ్చిన కండ, కాస్త బ్యాక్టీరియా.

ఒంట్లో ముల్లు దిగినా చుట్టూ కణాలు మూగుతాయని మొదట కళ్లారా చూసినవాడు ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెసీనాలో, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లల్లోకి తోటలోంచి తెచ్చిన గులాబీ ముళ్లు గుచ్చి రాత్రంతా వదిలేశాడు, పొద్దున సూక్ష్మదర్శినిలో చూస్తే ముల్లు చుట్టూ తిరుగాడే కణాలు గుంపుకట్టి ఉన్నాయి. 1908లో ఆయనకూ పాల్ ఎర్లిక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ఈ ముల్లు సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ఆయన దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

అయితే బ్యాక్టీరియా కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. స్టఫిలోకాకస్ మన రక్తం గడ్డకట్టే పద్ధతినే వాడుకుని తన చుట్టూ ఒక గోడ కట్టుకుంటుంది, న్యూట్రోఫిల్స్‌ను చిల్లులు పొడిచి చంపే విషాలు వదులుతుంది. ఆ గోడ లోపలికి రక్తం సరిగ్గా పోదు, కాబట్టి మాత్ర వేసినా మందు అక్కడిదాకా చేరదు. అందుకే మీ డాక్టరు కోసి తీశారు. దానికి బాధపడకండి, ఆయన చేసింది సరైన పని. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ దారి వేరు, అది చక్కెర పదార్థాల జారుడు పొర కప్పుకుని ఉంటుంది, మింగబోయిన కణానికి పట్టు దొరకదు. ఆ పొర మీద పట్టు దొరికేలా చేసే టీకా పేరు పీసీవీ, 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. మీ బాబు అంతకు కాస్త అటూ ఇటూ పుట్టి ఉంటాడు కాబట్టి ఒకసారి టీకాల కార్డు తీసి అది పడిందో లేదో చూడండి, పడకపోతే పిల్లల డాక్టరును అడగండి.

ఇంతకీ బయటిదని ఒంటికి ఎట్లా తెలుస్తుంది? ఇది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. బ్యాక్టీరియా గోడల్లో, అవి ఈదడానికి వాడే తోకల్లో మన కణాల్లో ఎక్కడా లేని పదార్థాలుంటాయి, వాటిని పట్టుకునే గ్రాహకాలు మన కణాల మీద పుట్టుకతోనే ఉంటాయని తర్వాత తేలింది. ఈ దారి పండ్ల మీద ముసిరే చిన్న ఈగల దగ్గర మొదలైంది. ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో టోల్ అనే జన్యువు చెడిన ఈగలు బూజు తగిలితే చచ్చిపోతున్నాయని చూపించింది. 1998లో అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ బృందం అదే కోవకు చెందిన గ్రాహకం ఎలుకల్లో బ్యాక్టీరియా విషాన్ని గుర్తుపడుతోందని పట్టుకుంది. 2011లో వాళ్లిద్దరికీ నోబెల్‌లో సగం దక్కింది. ఈగకూ ఎలుకకూ మీ బాబుకూ ఈ పద్ధతి ఒక్కటే అంటే ఎంత పాతదో ఆలోచించండి.

వైరస్ దగ్గర ఈ లెక్క కుదరదు. దానికి సొంతంగా తయారుచేసుకునే గోడ ఉండదు, మన కణంలోకే దూరి మన సరుకుతోనే తన కాపీలు చేయించుకుంటుంది. పైన చూస్తే అంతా మనదే. దాన్ని పట్టించేది దాని జన్యు పదార్థం. జలుబు, ఫ్లూ వైరస్‌లు ఆర్‌ఎన్‌ఏతో నడుస్తాయి, మన కణం లోపల మామూలుగా ఉండకూడని రూపంలో ఆ ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే లోపలి గ్రాహకాలు పసిగడతాయి. అప్పుడు ఆ కణం ఇంటర్ఫెరాన్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. దొంగ దూరిన ఇంట్లోవాళ్లు తాము మునిగినా పళ్లెం కొట్టి వీధిని లేపినట్టు, ఆ ఇంటర్ఫెరాన్ పక్క కణాలకు తగలగానే అవి ప్రొటీన్ల తయారీని ఆపుకునేందుకు, దూరిన ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేందుకు ముందే సిద్ధమైపోతాయి, వైరస్ వచ్చినా అక్కడ దానికి పని జరగదు. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ దీన్ని కోడిగుడ్డు పిండం పొరల మీద ప్రయోగాల్లో పట్టుకున్నారు. ఇంకోవైపు, నేచురల్ కిల్లర్ కణాలు అని మరో రకం ఉన్నాయి. మామూలు కణం పైన ఉండాల్సిన గుర్తింపు ప్రొటీన్‌ను కొన్ని వైరస్‌లు దాచేస్తాయి, అది కనిపించని కణాన్ని ఇవి చంపేస్తాయి. దాచినా చిక్కే, దాచకపోయినా రెండో అంచె పట్టుకుంటుంది.

వైరస్‌లకూ ఎత్తులున్నాయి. ఫ్లూ వైరస్ తన దగ్గరున్న ఒక ప్రొటీన్‌తో ఇంటర్ఫెరాన్ తయారీకే అడ్డుపడుతుంది. డెంగీ వైరస్ ఇంటర్ఫెరాన్ కబురు కణం లోపలికి చేరకుండా మధ్యలో ఉండే ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది. అంతకంటే మనకు ముఖ్యమైన సంగతి, ఫ్లూ వచ్చినప్పుడు ఊపిరి గొట్టాల లోపలి పొర ఊడిపోయి, అక్కడి మాక్రోఫేజ్‌లు దెబ్బతిని, ముక్కులో ఊరికే పడున్న న్యుమోకాకస్‌కు సందు దొరుకుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ఊపిరితిత్తుల్లో ఇట్లా వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా కనిపించింది. వైరల్ అని చెప్పిన డాక్టరే 4 రోజుల తర్వాత యాంటీబయాటిక్ రాస్తే మాట మార్చాడని అనుకోకండి, జబ్బే మారి ఉండొచ్చు. తగ్గిందనుకున్న జ్వరం మళ్లీ ఎక్కువై దగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకూడదు అనేది అందుకే.

ఇక జ్వరం. మాక్రోఫేజ్‌లు రక్తంలోకి వదిలే రసాయనాల కబురు మెదడుకు చేరి, అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలనే హద్దును పైకి జరుపుతుంది. హద్దు పైకి పోయింది గానీ ఒళ్లు ఇంకా అంత వేడెక్కలేదు, కాబట్టి వణుకు, దుప్పటి అడగడం. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది, క్రిమిని ఏమీ చేయదు. జలుబు తెచ్చే రైనోవైరస్‌లు చాలా రకాలు 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే చల్లగా ఉండే ముక్కులో, బాగా పెరుగుతాయి, ఒళ్లు వేడెక్కితే వాటికి ఇబ్బంది. ఒళ్లు నొప్పులు, నీరసం, అన్నం వద్దనడం కూడా వైరస్ కొరికి పెట్టేవి కావు. హెపటైటిస్ సీ అనే కాలేయ జబ్బుకు ఒకప్పుడు ఇంటర్ఫెరాన్‌నే మందుగా సూది రూపంలో ఇచ్చేవాళ్లు, వేసుకున్నవాళ్లకు ఫ్లూ వచ్చినట్టే జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చేవి.

అందుకని జ్వరాన్ని మురిపెంగా చూస్తూ కూర్చోమని కాదు. పిల్లోడు నలిగిపోతుంటే పారాసిటమాల్ ఇవ్వండి: బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య 4 నుంచి 6 గంటల తేడా, రోజుకు 4 సార్లకు మించకుండా. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 అని ఉందా, 250 అని ఉందా చూసి మరీ పోయండి, రెండు రకాలూ అమ్ముతారు, మూత కొలతలు ఒకేలా ఉంటాయి, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నిమెసులైడ్ మాత్రం వద్దు, 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

ఆర్‌ఎంపీ సూది దగ్గరికొద్దాం. ఆ సీసాలో ఏముందో మీరు రాయలేదు, మీకు చెప్పి ఉండరు కూడా. ఒక్క రాత్రిలో జ్వరం, నొప్పులు, వాపు అన్నీ మాయమై పిల్లోడు హుషారుగా లేచాడంటే నా అనుమానం స్టెరాయిడ్ మీదికి పోతుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని పేరుంటుంది. స్టెరాయిడ్ మంచి మందే, ఆయాసం ముదిరిన పిల్లలను, కొన్ని రకాల మెదడువాపుల్లో రోగులను కాపాడేది అదే, కానీ అది చేసే పని నేను ఇంతసేపూ చెప్పిన కబుర్లను ఆపేయడం. మాక్రోఫేజ్ అరుపు మెదడుకు చేరదు, జ్వరం రాదు. క్రిమి ఉన్నచోటే ఉంటుంది. వైరస్ జలుబైతే జ్వరం 4, 5 రోజుల్లో ఎట్లాగూ తగ్గేదే కాబట్టి పేరు సూదికి వస్తుంది. అదే లోపల బ్యాక్టీరియా ఉంటే అరిచేవాడి నోరు మూసినట్టే. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ ఎట్లా చెలరేగిందో గుర్తుందా? ఆ బూజును మామూలుగా న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లే ఎక్కడికక్కడ అణిచేస్తాయి. అదుపులో లేని షుగరు, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు కలిసి వాటిని చచ్చుబడేలా చేశాయి.

ఇంకో రకం సూది డైక్లోఫెనాక్, నొప్పులకు వేసేది. వానలు పడ్డాక డెంగీ తిరిగే రోజుల్లో అది ప్రమాదం, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. పైగా డెంగీలో అసలు గండం తరచు జ్వరం దిగే రోజునే మొదలవుతుంది. దిగింది కదా అని మీరు ఊపిరి పీల్చుకునే సమయంలోనే పిల్లోడికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే పరుగెత్తాలి. మీ అత్తగారికి ఈ ముక్క మెల్లగా చెప్పండి. ఆమె మనవడి మీద ప్రేమతోనే అంటోంది, ఆమె రోజుల్లో సూది అంటేనే వైద్యం, ఆమెతో గొడవ పెట్టుకోవద్దు. ఈసారి ఆర్‌ఎంపీ దగ్గరికే పోవాల్సి వస్తే సీసా పేరు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనంటే అక్కడితో మీకు అర్థమైపోతుంది.

ల్యాబ్ కాగితం గురించి ఎక్కువ భయపడకండి. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్, 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట చూశారు, ఎక్కడ వాపు ఉన్నా కొన్ని గంటల్లో పెరగడం మొదలవుతుంది. బ్యాక్టీరియా అయితే బాగా పెరుగుతుంది, వైరస్‌లకు తరచు కొద్దిగా, కానీ ఆ గీత అంత కచ్చితంగా ఉండదు. మీరు పరీక్ష చేయించింది సూది వేసిన చోట చీముగడ్డ ఉన్నప్పుడు, అప్పుడు పెరగకపోతేనే నేను ఆలోచించేదాన్ని. తెల్లకణాలూ అంతే, పైగా 4 ఏళ్ల పిల్లల్లో మామూలు హద్దే పెద్దవాళ్లకంటే ఎక్కువ, చాలా కాగితాల మీద పెద్దవాళ్ల హద్దు అచ్చువేసి ఇస్తారు. సూది స్టెరాయిడే అయితే అది కూడా లెక్కను పెంచుతుంది, ఎందుకంటే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్‌ను వదిలించి రక్తంలోకి తెస్తుంది.

పచ్చ చీమిడి అంటే యాంటీబయాటిక్ కావాలని మందుల షాపులో చెప్పి ఉంటారు. న్యూట్రోఫిల్స్‌లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాని రంగే పచ్చ. మామూలు వైరస్ జలుబులో కూడా 2, 3 రోజులు పోయాక చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ అవుతుంది, తర్వాత తగ్గుతుంది. 10 రోజులు దాటినా కొంచెం కూడా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో ఎక్కువైతే అప్పుడు డాక్టరును అడగండి.

మరి నెలకో జలుబు ఏమిటంటారా? బడికి కొత్తగా పోయే పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఒక్క రైనోవైరస్‌లోనే 150కి పైగా రకాలున్నాయి, ఒకదానికి తయారైన రక్షణ ఇంకోదానికి అంతగా పనికిరాదు. నిజంగా ఇమ్యూనిటీ లోపం ఉన్న పిల్లలు వేరేగా ఉంటారు: ఏడాదిలో 2 సార్లు న్యుమోనియా, మళ్లీ మళ్లీ లోతైన చీముగడ్డలు, నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం, ఏడాది దాటినా నోట్లో తెల్లపూత పోకపోవడం, బరువు పెరగకపోవడం, ఇంట్లో చిన్న వయసులోనే ఇన్ఫెక్షన్లతో పిల్లలు పోయిన చరిత్ర. సూది వేసిన చోట ఒక్కసారి చీము పట్టడం ఆ లెక్కలోకి రాదు. బాబు వయసుకు తగ్గట్టు బరువు పెరుగుతున్నాడా అనేది అంగన్‌వాడీలో కాగితం మీదే ఉంటుంది, చూడండి. తిండికి కొత్తగా ఏమీ అక్కర్లేదు, సంగటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూర, గుడ్డు. మీ ఇంట్లో ఎప్పుడూ ఉండేవే.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గుర్తులు ఇవి: ఊపిరి వేగంగా తీయడం (ఏడాది నుంచి 5 ఏళ్ల పిల్లల్లో, ఏడవకుండా పడుకున్నప్పుడు లెక్కిస్తే నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ), డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం, నీళ్లు కూడా తాగకపోవడం, 6 నుంచి 8 గంటలు దాటినా మూత్రం రాకపోవడం, ఒంటి మీద నొక్కినా పోని ఎర్ర చుక్కలు. జ్వరం 3 రోజులు దాటినా చూపించండి. ఇంట్లో 3 నెలల్లోపు పసిబిడ్డ ఎవరైనా ఉంటే వాళ్లకు జ్వరం వచ్చిన గంటే పోవాలి, వాళ్లకు ఆగి చూద్దాం అనేది లేదు.

బాబు సంగతి చాలన్నారు. నాకు చాలదమ్మా. మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆపేసిన వాక్యం మీ ఆయన దగ్గు.

మెచ్నికోవ్ గుచ్చిన ముల్లు గుర్తుంది కదా. కణాలు దాని చుట్టూ మూగాయి గానీ ముల్లును అరిగించలేవు. బండ కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, గ్రానైట్‌లో మరీ ఎక్కువ. బట్టల మీద తెల్లగా కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, చేటు చేసేది కంటికి కనిపించనిది, 5 మైక్రాన్ల కంటే చిన్నది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అది ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి సంచుల దాకా పోతుంది. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ దాన్ని బ్యాక్టీరియాను మింగినట్టే మింగుతుంది. మింగాక సిలికా గరుకు దాని జీర్ణసంచిని చీల్చేస్తుంది, కణం చచ్చిపోతూ వాపు తెచ్చే రసాయనాలు కక్కుతుంది, రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. ఇది ఏళ్ల తరబడి నడుస్తూ ఊపిరితిత్తిలో మచ్చలు కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. కట్టిన మచ్చను తీసేసే మందు లేదు, ఇంకా కట్టకుండా ఆపుకోవడమే.

దీనికి టీబీ తోడవుతుంది. టీబీ క్రిమి ఉండేదే మాక్రోఫేజ్ లోపల, మింగించుకుని, తన మీద జీర్ణరసాలు పడకుండా ఆ సంచులు కలవనీయకుండా ఆపి, అక్కడే తీరిగ్గా 20 గంటలకోసారి రెండవుతూ బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మాక్రోఫేజ్‌కే దాన్ని అదుపులో పెట్టడం కష్టం, సిలికాతో సగం చచ్చినదానికి ఇంకా కష్టం. అందుకే బండల పని, క్వారీ పని చేసేవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువ. మీ ఆయనకు టీబీ ఉందని నేను అనడం లేదు. 2 వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా పరీక్ష చేయాలనేది దేశమంతా ఉన్న పద్ధతి, ఆయనకు నెల దాటింది, పైగా ఆ పని.

కాబట్టి ఈ వారంలోనే ఆయనను ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి, గళ్ల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రెండూ చేయించమనండి. ట్రూనాట్ లాంటి యంత్రం ఉన్నచోట గళ్ల ఫలితం గంటల్లోనే వస్తుంది. పొద్దున లేవగానే లోపల్నుంచి దగ్గి తీసిన గళ్ల కావాలి, ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. బండల ఫ్యాక్టరీలో ఎన్నేళ్లుగా చేస్తున్నాడో డాక్టరుకు మొదటి మాటగా చెప్పమనండి, చెప్పకపోతే ఎక్స్‌రేలోని మచ్చలను ఇంకేదో అనుకునే ప్రమాదం ఉంది. ఆయన కూడా ఆ దగ్గుకు అదే సూది వేయించుకుంటూ ఉంటే మానేయమనండి, టీబీ ఉన్నవాళ్లకు మందులు మొదలుపెట్టకుండా స్టెరాయిడ్ పడితే జబ్బు విజృంభిస్తుంది. తేలితే మందులు ఉచితం, మామూలు రకానికి 6 నెలలు, తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. అప్పుడు బాబును కూడా చూపించాలి, ఇంట్లో టీబీ ఉంటే 5 ఏళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా ముందే మందులు ఇస్తారు.

ఏదీ లేదని తేలినా పని దగ్గర దుమ్ము సంగతి చూసుకోవాలి. మూతికి కట్టుకునే తువ్వాలు ఆ సన్న దుమ్మును ఆపదు, ముఖానికి గట్టిగా అంటుకునే ఎన్95 మాస్కు కావాలి. అంతకంటే మేలు కోసేచోట నీళ్లు ఆగకుండా పారడం, నీళ్లు ఆపి పొడిగా కోయమంటే ఒప్పుకోవద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను యజమాని అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుగా రాశారు, అంటే అడగడం ఆయన దయ కోసం కాదు. పని బట్టలు అక్కడే విడిచి, కాళ్లూ చేతులూ ముఖం కడుక్కుని ఇంటికి రమ్మనండి, ఆ బట్టలు ఇంట్లో దులపకుండా నీళ్లలో నానేసి ఉతకండి. బీడీ అలవాటుంటే అది ముందు మానాలి.